పదిహేడో వాగు

పొద్దున ఎనిమిదిన్నరకు అక్క ప్లాన్ మార్చింది. పదకొండయ్యేసరికి ఆ ప్లానే తన చెల్లెల్ని మింగబోతోందని ఆమెకు అర్థమైంది.

ఈ రెండింటి మధ్యా జరిగిందల్లా ఒక మంచి కబురు.

ఊళ్లో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు, వయసులో పెద్దవాళ్లు కూడా. ఉత్తరపు కొండల్లోకి నడిచి వెళ్లే జట్లకి దారులు గీసిచ్చే ఆఫీసు ఆమెది. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో బూట్ల బురద, ఆరని కోట్లు, వాతావరణం లెక్కలు చూసే గుమస్తా. అతను ఎండ అంటే వాన, వాన అంటే ఎండ రావడం ఆనవాయితీ కాబట్టి జోస్యం అన్న పేరు స్థిరపడిపోయింది. వెనక గది అక్కది. ఒక గోడంతా మ్యాపు. ఎదుటి గోడకి కిటికీ, కిటికీ నిండా కొండలు. ఆరేళ్ల క్రితం కుడి మోకాలు విరిగినప్పటి నుంచి ఆమె కొండలెక్కేది ఆ కిటికీలోంచే.

అక్కడ జనాన్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేవి వాగులు. పైన మంచు కరిగితే కింద వాగు లేస్తుంది. పొద్దున నవ్వుకుంటూ దాటిన చోటే మధ్యాహ్నానికి కాలు నిలవదు. అందుకే దారుల్లో ఉన్న పదిహేడు వాగులకీ అక్క పదిహేడు కార్డులు పెట్టింది. దాటి వచ్చిన ప్రతి గైడూ నీళ్లు ఎంతవరకు తగిలాయో చెప్పి తీరాలి. మడమ, మోకాలు, తొడ, నడుము.

ఎవరి మోకాలు అని మొదట్లో పెద్ద పేచీయే వచ్చింది. ఆరడుగుల గైడుకి మోకాలంటే పొట్టివాడికి తొడ. చివరికి అక్క తన చెల్లెల్ని వెనక గది తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి సుద్దముక్కతో నాలుగు గీతలు గీసింది.

"ఇక మీదట ఈ కొండల్లో మోకాలంటే ఇదే" అంది.

"ఇన్నాళ్లకి నా కాళ్లకి విలువ తెలిసింది" అంది చెల్లి.

గైడ్లందరిలో చెల్లే పొట్టి. మొండితనంలో మాత్రం అందరికంటే పొడుగు. ఆమె దాటగలిగిన వాగుని ఎవరైనా దాటగలరు. మడమకి ఆకుపచ్చ పిన్ను, మోకాలికి పసుపు, తొడకి ఎరుపు, నడుముకి నలుపు. నలుపు పడితే దారి మూసినట్టే. పదకొండేళ్లలో ఈ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.

ఆ పొద్దున కిందికి దిగి వచ్చిన గైడు వైర్‌లెస్‌లో కబురు చెప్పాడు. "పదిహేడో వాగులో చుక్క నీళ్లు లేవక్కా. మేజోళ్లతో దాటొచ్చాం."

అక్క ఆకుపచ్చ పిన్ను గుచ్చి వైర్‌లెస్ సెట్‌లో చెల్లిని పిలిచింది. చెల్లి వెంట తొమ్మిదిమంది ఉన్నారు. ఒకే బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్లు. వాళ్లకి అనుకున్నది గట్టు మీది చుట్టుదారి. వాళ్లలో ఒక పెద్దావిడకి మోకాళ్లు అంతంతమాత్రం. ఇరుకు లోయలోంచి పోతే రెండు గంటలు కలిసొస్తాయి. ఆ దారంతా పదిహేడో వాగు పక్కనే, నిట్టనిలువు రాతిగోడల మధ్య.

"లోయలోంచి వెళ్లిపోండి. వాగు ఎండిపోయింది" అంది అక్క.

"నువ్వేనా ఈ మాటంటున్నది? నీ నోట దగ్గరిదారి అన్న మాట వినడం ఇదే మొదలు" అంది చెల్లి.

"పెద్దావిడ మోకాళ్ల కోసం. నీ మీద ప్రేమ పొంగిపోయి కాదు."

"సరే. పదింటికి లోయలో దిగుతాం. ఆ తర్వాత సెట్ పలకదు, కంగారుపడకు."

పదకొండింటికి జోస్యం టీ గ్లాసులతో లోపలికొచ్చాడు.

"పదో రోజు అక్కా ఈ ఎండ. వాన పడుతుందని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేస్తోంది" అంటూ గ్లాసు అందించి, మ్యాపు వైపు చూశాడు. "ఎర్రగా అమ్మవారు పోసినట్టుంది గోడ. నడుమ ఆ పచ్చదొక్కటే చల్లగా ఉంది."

అక్క తలతిప్పి చూసింది.

పదహారు పిన్నులు. పది ఎరుపు, ఆరు పసుపు. పదిరోజుల ఎండకి మంచు కరిగి కొండలన్నీ కారుతున్నాయి. ఆ పదహారింటి మధ్యలో ఒకే ఒక్క ఆకుపచ్చ. పదిహేడూ ఒకే మంచు కరిగి పుట్టిన వాగులు. పదహారు పొంగుతుంటే పదిహేడోది ఎండుతుందా?

టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

తలుపు చట్రం మీద మడమ గీత ఉంది. దాని కింద గీత లేదు. నీళ్లే లేకపోవడం అనే సంగతికి ఆమె పద్ధతిలో చోటే లేదు. తక్కువైతే మంచిది, అసలు లేకపోతే మరీ మంచిది అనుకుంది. పది రోజుల నీళ్లు ఎక్కడికి పోయాయో అడగడం మర్చిపోయింది.

ఎక్కడికీ పోలేదు. లోయ నెత్తిన ఎక్కడో మంచుచరియ విరిగి వాగుకి అడ్డం పడింది. దాని వెనక నీళ్లు పేరుకుంటున్నాయి. ఆ కట్ట మంచుది. పైన కాసేది పదో రోజు ఎండ. కింద తన చెల్లి.

"జోస్యం, లోయ పై మకాంకి సెట్ కలుపు. తొందరగా."

పై మకాం లోయ అంచున ఉన్న రాతి ఇల్లు. దాన్ని చూసుకునే ముసలాయన్ని అందరూ మకాం తాత అంటారు. ముప్పై ఏళ్లుగా అక్కడే కాపురం. చెవులు కాస్త మందం.

"తాతా, నేను, అక్కని. వాగు సంగతేంటి?"

"నువ్వే పిలిచావా తల్లీ. నిన్నట్నుంచీ నా చెవులు పూర్తిగా పోయాయని దిగులుపడుతున్నా. వాగు వినపడట్లేదు. ముప్పై ఏళ్లు దాని రొదలో నిద్రపోయినవాణ్ణి, రాత్రి కన్ను మూతపడలేదు."

"నీ చెవులకేం కాలేదు. వాగు ఆగిపోయింది. పైన కట్ట పడింది, అది తెగుతుంది. చెల్లి లోయలో ఉంది, తనతో కలిపి పదిమంది. వాళ్లని పైకి రప్పించాలి."

తాత గొంతు మారింది. "నేను మెట్లు దిగి వెళ్లేసరికి గంట పడుతుందమ్మా."

"మకాం ముందు గంట ఉందిగా, పొగమంచు గంట."

పొగమంచు కమ్మినప్పుడు దారి తప్పినవాళ్ల కోసం కొట్టే గంట అది. విన్నవాళ్లు ఎక్కడున్నా మకాంకి ఎక్కి రావాలని ఆ కొండల్లో కట్టుబాటు.

"లోయలోకి అదెప్పుడూ వినపడదు. అక్కడ పక్కనున్న మనిషి అరిచినా..." తాత ఆగాడు.

"ఆ రొద ఇవాళ లేదు తాతా. కొట్టు."

సెట్ మాట్లాడే మీటకి గుడ్డ కట్టి కిటికీలో పెట్టినట్టున్నాడు. గంట మోత గది నిండా వినపడింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. జోస్యం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నిప్పులు చెరిగే ఎండలో పొగమంచు గంట. ముసలాడికి మతిపోయిందని చెల్లి నవ్వుకుని ముందుకు సాగితే? లోయ గోడకి చెక్కిన మెట్లు ఒక్కచోటే ఉన్నాయి. పెద్దావిడ మోకాళ్లకి అర్ధగంట ఎక్కుడు. అక్క కళ్లు మూసుకుంటే ఆ మెట్లన్నీ కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఎక్కినవే.

పదకొండుంబావు. పదకొండున్నర. గంట ఆగలేదు. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా ఆగింది. మీట గుడ్డ విప్పిన చప్పుడు.

"అక్కా." చెల్లి గొంతు, ఊపిరందకుండా. "ఏడుగురు పైకొచ్చారు. పెద్దావిడ, ఇంకొకాయన మెట్ల మీదున్నారు. తాత చెయ్యిచ్చి లాగుతున్నాడు. ఆవిడ ఎక్కుతున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉంది. అంటే ఊపిరి బాగానే ఉన్నట్టు."

"పైకొచ్చేదాకా మాట్లాడుతూనే ఉండు."

"ఎనిమిది. తాత ఆవిణ్ణి భుజమ్మీద... తొమ్మిది. నాతో పది. అక్కా, ఏంటి సంగతి? లోయలో గంట వినగానే నా ఒళ్లు జలదరించింది. పదకొండేళ్లలో అక్కడ నాకు గంట వినపడటం ఇదే మొదలు. ఎందుకు కొడుతున్నారో తెలీలేదు. వాగు ఆగిపోబట్టే వినపడుతోందని తట్టింది, అంతే, మెట్లెక్కించేశాను..."

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది.

ముందు కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. తర్వాత సెట్‌లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఉరుమైతే వచ్చి పోతుంది. ఇది వచ్చి, పెరిగి, ఇంకా పెరిగింది. కిటికీలో, లోయ ఉన్న వైపు, కొండల మీదికి ధూళిలాంటి, ఆవిరిలాంటి మేఘం నిలువుగా లేచింది. చివరికి చెల్లి పలికింది, గుసగుసగా.

"నీళ్లలా లేదక్కా. కొండ లేచి నడిచొస్తున్నట్టుంది."

నాలుగో రోజు వాగు దారిలో పడ్డాక అక్క చేతికర్ర తీసుకుని బయల్దేరింది. గట్టుదారిన ఆరు గంటలు. చెల్లి ముందు నడిచింది. ఎక్కడా చెయ్యి అందించలేదు, అందిస్తే అక్క పుచ్చుకోదని తెలుసు.

లోయ అంచున అక్క నిలబడిపోయింది. ఆమె గీసిన దారి లేదు. ఇళ్లంత బండలు గులకరాళ్లలా దొర్లిపడి ఉన్నాయి. లోయ మలుపులో, ఎండలో, ఒక నీలిరంగు మంచుగడ్డ ఆఫీసంత పెద్దది ఒంటరిగా మెరుస్తోంది. ఎదుటి గోడ మీద నీళ్లు తాకిన మేర బురదగీత మిగిలింది. మెట్లలో ముప్పాతిక భాగం ఆ గీత కిందే ఉంది.

ఆమె చూపు ఆ గీతనుంచి కిందికి దిగింది. మళ్లీ పైకెక్కింది. ఆరేళ్లుగా ఈ లోయని అరచేతి వెడల్పు కాగితంగా చూసింది. వాగు రొదలో మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాల్సిందే.

"చెల్లీ, ఆ గోడ పక్కన నిన్ను నిలబెడితే, నీ మీద నిన్ను, మళ్లీ నీ మీద నిన్ను..."

"ఎంతమంది నేను?"

అక్క చూపుడువేలు చాచి కొలిచింది. "ఇరవైరెండు."

"ఈ ఊరికి నేనొక్కదాన్నే ఎక్కువని నువ్వే అంటుంటావు."

మకాం తాత గుమ్మంలో కూర్చుని కునుకు తీస్తున్నాడు. వాగు రొదకి ఆయన గురక కూడా వినపడటంలేదు.

అక్క జేబులోంచి పదిహేడో కార్డు తీసింది. 'చుక్క నీళ్లు లేవు' అన్న మాటల చుట్టూ ఎర్రపెన్సిల్‌తో సున్నా చుట్టింది. కింద తేదీ వేసి, మడమ, మోకాలు అని రాసే గడిలో 'చెల్లి, ఇరవైరెండు' అని రాసింది. చెల్లి పక్కన నిలబడి ఏదో అడిగింది. పెదాలు కదిలాయి కానీ మాట వినపడలేదు.

ఆ రొద ఎంతసేపు విన్నా అక్కకి తనివి తీరలేదు.