వదలని ఎనిమిది చేతులు

తడిసిన సానరాయి వాసన. ఇనుము వాసన. వాటి మధ్య, ఉయ్యాల్లోంచి, పాల వాసన...

పొద్దెక్కేసరికి ఆమె గుమ్మంలో నిలబడింది.

ఎనిమిది చేతుల పిల్ల. రాక్షసుణ్ణి చంపి వచ్చింది. ముల్లోకాలూ ఊపిరి పీల్చుకున్నాయి — ఆమె తప్ప.

ఎనిమిది చేతుల్లోనూ ఎనిమిది ఆయుధాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"పిన్నీ, వేళ్ళు విచ్చుకోవడం లేదు."

కత్తులకు సాన పట్టే పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. యుద్ధానికి వెళ్తూ తనకు అప్పగించిన ఐదు నెలల పసిది, తల్లి గొంతు విని ఏడుపు అందుకుంది. తల్లి ఒక్కడుగు వేసింది. కత్తి మొన ఉయ్యాల తాడుకు తగిలింది. గబుక్కున వెనక్కి తగ్గింది.

"నా బిడ్డని ఇక ఎత్తుకోలేనా పిన్నీ?"

అంతటి మనిషీ వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుందామన్నా ఒక్క చెయ్యి ఖాళీ లేదు, పాపం!

పిన్ని గోరువెచ్చని నీళ్ళు పోసింది. నూనె రాసింది. ఒక్కో వేలినీ బతిమాలింది.

ఊహూఁ...

అప్పుడు తట్టింది.

యుద్ధానికి బయల్దేరిన రోజు పదును పెట్టిన ఆయుధాలు చేతికిస్తూ తనే అంది — "నేను చెప్పేదాకా వదలకు." అందరికీ అనే మాటే. వాళ్ళు పట్టుకునుంటే తను అంచు తుడుస్తుంది. తుడిచాక "చాలు, వదులు" అంటుంది. ఆ రోజు తుడుస్తూండగానే పసిది ఏడ్చింది. తను ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. రెండో మాట అననేలేదు.

ఈమేమో పెద్దల మాట జవదాటని పిల్ల. తొమ్మిది రోజులు... నిద్రలో కూడా వదల్లేదు.

"ఓసి, నా మతిమరుపు మండా!" పిన్ని నెత్తి కొట్టుకుంది. "చాలు తల్లీ. వదులు. వదిలెయ్!"

ఖణేల్.

ఖణేల్... ఖణేల్... ఎనిమిదిసార్లు.

రెండు చేతులు పసిదాన్ని ఎత్తుకున్నాయి. రెండు వీపు నిమిరాయి. ఒకటి చెంపలు తుడుచుకుంది. మిగిలిన మూడూ ఏం చెయ్యాలో తోచక గాల్లో తచ్చాడాయి. పిన్నికి నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు.

హమ్మయ్య... ఎంత హాయి!

తల్లి గోడకు జారగిలబడింది. పసిది గుటకలేస్తోంది.

వీధిలో ఒకటే సందడి. దేవతలంతా దిగొచ్చారు, పొగడడానికి. తలుపు తట్టారు. మళ్ళీ తట్టారు.

తల్లి కళ్ళు తెరవనైనా లేదు.

"ఉండమను పిన్నీ. పాలు తాగుతోంది."