బస్సు కిటికీలోంచి వేసిన తువ్వాళ్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, నా తప్పు నా నోటితో ఒప్పుకునే సంగతి. నేను బస్సులో ఉన్నాను, డ్రైవరు సీట్లో ఎవరూ లేరు, అయినా బస్సు గుర్రుమంటూ ఊగుతోంది, కిటికీ బయట పాలకొండ బస్సు కాంప్లెక్సులాగే ఉంది గాని ప్లాట్‌ఫారాల మీద మోకాలిలోతు నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆ నీళ్లలో పిల్లలు వరసగా, చూపు అందనంత దూరం నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నంబరు కాగితం. మెట్టు మీద మా ఆయన లోకనాథం, తొమ్మిదేళ్ల కిందట పోయిన మనిషి, ఖాకీ చొక్కా వేసుకుని తోలుసంచి భుజాన తగిలించుకుని నిలబడి ఉన్నారు. బతికినన్నాళ్లూ ఆర్టీసీలో కండక్టరుగా చేసిన ఆయన పోయాక కూడా డ్యూటీ దిగలేదేమిటా అని నాకక్కడ ఆశ్చర్యమే కలగదు.

"ఏటే నూకాలూ, టికెట్టు తీసినావా?"

"నాకు టికెట్టేటండి, మీ పెళ్లాన్ని కానా?"

"పెళ్లానికైనా పాసుండాల. సెకింగోడు ఎక్కినాడంటే నా ఉజ్జోగం పోద్ది."

"సచ్చిపోయినోడికి ఉజ్జోగం పోడమేటి!" అనేసి నాలిక కరుచుకుంటాను. ఆయన మాత్రం మీసం కింద నవ్వుకుని, వంగి కిటికీలోంచి బయటికి చూసి, "మన గుంటేదే?" అంటారు.

గుంట అంటే మా మనవరాలు చాందిని. ఆ నీళ్లలోనే ఉంది, చాలా వెనకాల, సంచీ నెత్తి మీద పెట్టుకుని, తడవకుండా కాగితం ఒకటి పైకెత్తి పట్టుకుని. డెబ్బై మూడు వేలు అని ఉంది దాని మీద, అక్షరం ముక్క సరిగా రాని నేను కూడా అంత దూరం నుంచి చదవగలుగుతున్నాను. ఇంజనీరింగ్ ఎంట్రెన్సులో దాని ర్యాంకు అది. ఏయే కాలేజీలు కావాలో వరసగా కంప్యూటర్లో పెట్టుకోవాలి, వెబ్ ఆప్షన్లంటారు, ఈరోజు సాయంత్రం ఆరు గంటలతో ఆఖరు, ఆరు దాటితే దేవుడు దిగివచ్చినా అందులో ఒక్కటీ మార్చలేడు. ఇదంతా ఆయనకి చెబుతున్నాను, చెబుతుంటే నా మాటలతో పాటు నీళ్లు కూడా మెట్టు ఎక్కి లోపలికి వస్తున్నాయి.

"ఎన్ని పెట్టినారు?"

"మూడండి."

"మూడేటి?"

"దాని నాన్న మూడే పెట్టమన్నాడు. మూడూ పేరున్న కాలేజీలే."

ఆయన చెయ్యి చాపి చూపిస్తారు. ఎదురుగా మూడు బస్సులు, బంగారంలా మెరిసే బోర్డులతో, టాపు మీద కూడా జనంతో. "ఆ మొదటి బండి ఎనిమిది వేలకే నిండిపోయింది. రెండోది పదిహేనుకి. మూడోది ఇరవై వేలోడు ఎక్కినంతనే తలుపేసీసినారు. డెబ్బై మూడు వేల గుంట ఆ మూడు బళ్ల ఎనకాలే పరిగెడితే ఏటవుద్దే? సీకటి పడీదాకా ఇక్కడే నిలబడిపోద్ది."

"వేరే బస్సులు లేవాండి?"

"లేకేటి, సూడు." చూస్తే నిజమే, ఆ పక్క బోలెడన్ని, పాతవీ కొత్తవీ, బోర్డు చెరిగినవీ, కిటికీ చువ్వలు వంగినవీ, అన్నిట్లోనూ సీట్లు ఖాళీ. కాని వాటి ముందు మా అబ్బాయి తవిటినాయుడు రెండు చేతులూ బార్లా చాపి అడ్డంగా నిలబడి ఉన్నాడు, చాందిని వాటివైపు ఒక అడుగు వేసినప్పుడల్లా వాడి చేతులు ఇంకాస్త పొడుగవుతున్నాయి.

"ఆడికేటి బాధ?"

"కింద చిన్న కాలేజీ రాసామంటే కంప్యూటరు అదే తగిలించేస్తాదని బయ్యమండి. పెద్దదొచ్చీదీ రాకుండా పోద్దంటాడు."

ఆయన నుదుటి మీద అరచేత్తో కొట్టుకుంటారు. "కండక్టరు కొడుకై పుట్టి ఆడికిది తెలీదా! జాతర రోజుల్లో మనం బస్సెలాగెక్కీవోళ్లం? కిటికీలోంచి ముందు సీటు మీద తువ్వాలు ఏసీవోళ్లం. రెండో సీటు మీద రుమాలు. ఎనక సీటు మీద నీ గొడుగు. ఎక్కినాక ముందు సీటు దొరికితే అందులోనే కూకునీవోళ్లం, ఎనకది ఒగ్గీసీవోళ్లం. ఎనకాల గొడుగు పెట్టినావని ముందు తువ్వాలు ఎవులైనా తీసి పారేసినారేటే? పైనుంచి సూసుకుంటా వస్తాది ఆ కంప్యూటరు, ఖాళీ ఉన్న మొదటి సీట్లో కూకోబెడతాది. నలభై తువ్వాళ్లు ఏసుకోమను గుంటని, ఆశ ఉన్నది పైన, అందీది మజ్జిన, తప్పకుండా దొరికీది కింద."

చెబుతూ చెబుతూ ఆయన నావైపు తిరుగుతారు, బస్సులో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోతుంది, ఇంజనూ లేదు, జనమూ లేరు. "ఇంతకీ ఆ బయ్యం ఆడికి ఎవులు నేర్పినారే?"

నీళ్లు తొడల దాకా వచ్చాయి, చల్లగా లేవు, ఒంటి వేడిలాగే ఉన్నాయి. ఆయన తోలుసంచి తెరిచి నా కళ్ల ముందు పెడతారు, లోపల టికెట్లు లేవు, ఒకే ఒక్క గోధుమరంగు కవరు ఉంది, దాన్ని నేను ఇరవై తొమ్మిదేళ్లుగా ఎరుగుదును.

"సెప్పు నూకాలూ."

"మన నాయుడు పది పాసైన ఏడు, పాలిటెక్నిక్‌లో సీటుకి రమ్మని ఉత్తరం వచ్చిందండి."

"రాలేదన్నావు."

"వచ్చింది. పోస్టుమేను గున్నయ్యే చదివి చెప్పాడు, వదినా, మనోడికి కరెంటు చదువులో సీటిస్తారట, పది రోజుల్లో రమ్మన్నారు, అని. చిన్న సీటు ఒప్పుకుంటే పెద్ద సీటు మరి రాదని అందరూ అనేవారు. నాకు మనోడు పెద్ద ఇంజనీరు కావాలని. బియ్యం డబ్బా అడుగున పెట్టీసాను. గడువు దాటాక పొయ్యిలో వేసీసాను."

"ఇచ్చినానయ్యా అని గున్నయ్య నా చేతులు పట్టుకుని ఏడ్చినాడే."

"రాలేదని నేను కొడుకు మీద ఒట్టేసాను."

"నీ ఒట్టు నమ్మి గున్నయ్యని పదిమందిలో ఉత్తరం దొంగన్నాను. ఆడు రిటైరయ్యీదాకా ఆడితో మాటాడనేదు. ఎదురొస్తే సందు మారినాను." ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు భయం, తిట్టినా బాగుండును. నేను ఆయన కాళ్ల కోసం నీళ్లలో తడుముతాను, కాళ్లు దొరకవు.

"నన్ను క్షమించానని ఒక్కమాట అనండి."

"నాకు సెప్పి ఏటి లాభమే? నేను దిగిపోయినోణ్ని." ఆయన చెయ్యెత్తి తాడు అందుకుంటారు. "సెప్పాల్సినోడు అదిగో, సేతులు సాపుకుని నిలబడ్డాడు. బండి కదిలీలోపు ఎల్లు." రెండుసార్లు గంట లాగుతారు, రెండు గంటలంటే పోనిమ్మని, బస్సు ఒక్క కుదుపుతో కదులుతుంది, వెనక కిటికీలో చాందిని చిన్నదైపోతోంది, నేను దూకుతాను.

దూకి చూస్తే మా నడవలో కుర్చీలోనే ఉన్నాను. మధ్యాహ్నం కునుకు. గోడ గడియారంలో నాలుగు ముప్పావు. నా పక్కనున్న ఖాళీ కుర్చీలో చాందిని చున్నీ నీటుగా పరిచి ఉంది.

"ఇదేటే?"

"ఫేన్ గాలి ఆ కుర్చీకే తగుల్తుంది నానమ్మా, నాన్నొచ్చి కూర్చుండిపోతాడని నా చున్నీ వేసి ఉంచాను," అంది కింద చాప మీద నుంచి, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒళ్లో నోట్‌బుక్కు. నేను చూస్తే మూసేసింది, మళ్లీ తెరిచింది. పేజీ నిండా కాలేజీల పేర్లు, ఒక్కోదాని పక్కన నిరుడు ఆఖరి సీటు ఏ ర్యాంకుకి దొరికిందో, అరవై వేలు, డెబ్బై, ఎనభై ఐదు, అంటూ వేలు పెట్టి నాకు చదివి వినిపించింది. "నాన్న చూస్తే చింపేస్తాడు," అంది.

మా నాయుడు వీధి అరుగు మీదే మోటార్లకు వైండింగ్ చేస్తాడు. రాగితీగ చుడుతున్నాడు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నాయుడూ, నీ పాలిటెక్నిక్ ఉత్తరం వచ్చిందిరా. నేను దాచేసాను."

తీగ ఆగిపోయింది. అంతా చెప్పాను, డబ్బా, పొయ్యి, ఒట్టు, ఏదీ తగ్గించలేదు. చిన్నది ఒప్పుకుంటే పెద్దది పోతుందన్న మాట నా దగ్గరే నీకు అంటుకుందిరా అని కూడా చెప్పాను. వాడు నన్ను చూడలేదు, ముందున్న మోటారునే చూస్తున్నాడు.

"ఏ బ్రాంచమ్మా?"

"కరెంటు చదువని గున్నయ్య అన్నాడు."

"ఎలక్ట్రికల్." ఆ ఒక్క మాట అని, చేతిలో తీగని మెల్లగా కింద పెట్టాడు. లోపల గడియారం ఐదు కొట్టింది. అప్పుడు మెడ తిప్పకుండానే పిలిచాడు. "చాందినీ! ఎన్ని రాసుకున్నావే ఆ పుస్తకంలో?"

గుమ్మంలో గుంట బిక్కచచ్చి నిలబడింది. "నలభై ఒకటి నాన్నా."

"ఆ మూడూ?"

"పైనే ఉన్నాయి."

"ఉండనీ. మిగతాయి కింద ఎక్కించు, ఒక్కటీ ఒదలకు. బేగి, ఆరైపోద్ది." అది లోపలికి పరిగెత్తాక అన్నాడు నాతో, "నువ్వు లోపలికి ఎల్లమ్మా, నాతో కాసేపు మాటాడకు." వెళ్లాను. ఆ మాట నాకు తగిందే.

ఏ సీటు వస్తుందో ఇంకా తెలీదు, జాబితా వచ్చేది వచ్చేవారం. మీరు మాత్రం ఈ సంగతి గుర్తు పెట్టుకోండి తల్లీ. మీ ఇంట్లో ఎవరికైనా మార్కులు ఓ మోస్తరుగా వస్తే ఈ తువ్వాళ్ల మాట చెప్పండి. పాలకొండ వైపు ఎప్పుడైనా వెళితే, గున్నయ్య వాళ్లు ఎవరైనా కనబడితే, నా పేరు చెప్పి ఇంకొక మాట కూడా చెప్పండి: ఆ ఉత్తరం ఆయన తెచ్చి ఇచ్చాడు, నా చేతికే ఇచ్చాడు.