కానుగ చుట్టూ కడ్డీ

ట్యాంకర్ పైపును భుజాన వేసుకుని సిద్దిరాములు పదిహేడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఉదయం ఆరున్నర కావస్తోంది. పైన మెట్రో పోతోంది, కింద ఆయన పోతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలుపెడితే ఎల్‌బీ నగర్ చేరేలోపు నూట పదకొండు చెట్లు. నీళ్లు వదిలే ముందు ప్రతి మొదలు మీదా అరచెయ్యి ఆనించడం ఆయన అలవాటు. ఎందుకని అడిగితే చెప్పలేడు, అడిగినవాళ్లూ లేరు.

సన్నటి మనిషి. పైపు మోసీ మోసీ ఎడమ భుజం వేలెడు కిందికి దిగింది. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఇనుము కోసే రంపం ఒకటుంది, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంటుంది. మొక్క నాటినప్పుడు మేకలు తినకుండా చుట్టూ ఇనుప కంచె పెడతారు. మూడో ఏడు దాన్ని తీసెయ్యాలి, లేకపోతే కాపాడిన ఇనుమే చెట్టు మెడ పట్టుకుంటుంది. నాటేటప్పుడు ఫొటో దిగేవాళ్లు బోలెడుమంది. కంచె తీసేటప్పుడు మాత్రం సిద్దిరాములు ఒక్కడే ఉంటాడు. అది ఎవరూ చెప్పని పని.

ఒకప్పుడు ఈ దారి ఆయనదే, తర్వాత ఇన్నేళ్లూ ఆయన్ను పెద్ద అంబర్‌పేట్ వైపు తిప్పారు. సెలవు పెట్టిన మనిషికి బదులుగా నిన్ననే మళ్లీ ఈ దారికి వచ్చాడు. వచ్చీ రాగానే చైతన్యపురిలో అమ్మాయిల హాస్టల్ ముందున్న కానుగను చూసి ఆగిపోయాడు. పక్కనున్న కానుగలన్నీ లేతాకు తొడిగి మెరుస్తున్నాయి. దీనికి రోడ్డు వైపే ఆకుంది, హాస్టల్ వైపు ఎండిపోయింది. మొదలు మీద ఎర్ర రంగు గీత గీశారు. రేపు కొట్టేస్తారు.

రేపటి నుంచి ఆయనా ఉండడు. అరవై నిండినవాళ్లకు ఒకటో తారీఖు నుంచి పని లేదన్నారు. ఏం చేసినా ఈ రోజే చెయ్యాలి.

సూపర్‌వైజర్ బాలరాజ్ బండి ఆపగానే ఎదురెళ్లాడు.

"సార్, గా కానుగకు రోగం లేదు. నా తప్పది."

"నీ తప్పేంది రాములన్నా?"

"కంచె నేనే కట్టిన. మేకలు పీకుతున్నయని కడ్డీ దగ్గరగ తిప్పి బిగించిన. మూడో ఏడు ఇప్పాలె. గప్పుడు మా ఐలమ్మ దవాఖానల ఉండె. ఆమె తాననే ఉన్న. అటెంక మరిచిన."

భార్య ఐలమ్మ ఆ దవాఖాన నుంచి తిరిగి రాలేదు. ఆమె దగ్గర గడిపిన మూడు నెలలకు సిద్దిరాములు ఏనాడూ బాధపడలేదు. కానీ నిన్న ఆ చెట్టును చూసినప్పుడు మాత్రం సిగ్గుతో తల వాలిపోయింది.

బాలరాజ్ హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "కొమ్మ ఇరిగి పడితే నా నౌకరి పోతదే. హాస్టల్ మేడం అర్జీ పెట్టింది. ఆమె వాపస్ తీసుకుంటే ఆపుత. సాయంత్రం లోపల."

మిగతా చెట్లకు నీళ్లు పట్టి, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండానే కానుగ దగ్గర కూర్చున్నాడు. కడ్డీకి పైన మొదలు ఉబ్బింది, కింద సన్నబడింది. ఒక పక్క ఇనుమును చెట్టు పూర్తిగా మింగేసింది. రెండో పక్క వేలు దూరేంత సందుంది. ఆ సందులో రంపం బెత్తెడు కూడా ఆడదు. ముందుకు ఇంత, వెనక్కి ఇంత. గంట గడిచింది.

హాస్టల్ నడిపే స్వరూపరాణి మెట్లు దిగి వచ్చింది. గుంటూరు వైపు మనిషి.

"ఏమయ్యా, రేపు కొట్టేసే చెట్టుకి ఇవాళ ఈ సేవేంటి?"

"కొట్టొద్దని మిమ్మల్ని అడుగుదామనే అమ్మా."

"నా దగ్గర నలభై మంది పిల్లలున్నారు. ఎండుకొమ్మ విరిగి ఎవరి నెత్తినైనా పడితే వాళ్ల అమ్మానాన్నలకి నేనేం చెప్పుకోను?"

ఆ మాటలో తప్పు లేదు. సిద్దిరాములు వాదించలేదు. "నిజమే అమ్మా. ఎండినయన్ని నేనే దించుత. ఒక్క వానకాలం ఆగుండ్రి."

ట్యాంకర్‌లో ఉండే కొమ్మలు కోసే రంపం, తాడు తెచ్చుకుని, హాస్టల్ నిచ్చెన అడిగి తీసుకుని ఎక్కాడు. ఒక్కో కొమ్మకూ ముందు కింది నుంచి కొంత కోసి, తర్వాత పై నుంచి కోశాడు. అలాగైతే కొమ్మ పడేటప్పుడు మొదలు బెరడును చీల్చుకుపోదు. నాలుగు కొమ్మల్నీ తాడు కట్టి దించాడు. దిగి మళ్లీ కడ్డీ దగ్గర కూర్చున్నాడు. నాలుగు గంటలప్పుడు అది టప్‌మని తెగింది.

"ఆ లోపలి ముక్క కూడా లాగెయ్యకూడదూ?" అంది స్వరూపరాణి. ఎప్పుడు వచ్చిందో, కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"గుంజితే తోలంత ఊడొస్తదమ్మా. లోపటిది లోపట్నే ఉండనియ్యుండ్రి. బిగువు పోయింది, గది సాలు."

హాస్టల్ వైపు మిగిలిన ఒక కొమ్మను గోటితో గీకి చూపించాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. బెరడు కింద సన్నటి ఆకుపచ్చ గీత.

"ఒక్క వానాకాలమే," అని అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాసి సంతకం పెట్టింది.

మొదలు చుట్టూ బిగించిన నాలుగు టైల్స్ పెకలించి, మట్టి గుల్ల చేసి, పాదు తీసి నీళ్లు పెట్టాడు. వెళ్లేముందు ఇనుము కోసే రంపం ఆమె చేతిలో పెట్టాడు.

"పక్కన నాలుగు కొత్త మొక్కలున్నయి. వచ్చే ఏడు కంచెలు ఇప్పాలె. నేనుండ."

"నాకు రంపం పట్టడం వచ్చా ఏంటి?"

"ఊకెనే ఉంచుండ్రి. యాదికుంటది."

ఆమె దాన్ని మెట్ల కింద చీపుళ్ల పక్కన పడేసింది.

జూలైలో బాలరాజ్ చెట్టు చూడ్డానికి వచ్చాడు. హాస్టల్ వైపు రెండు కొమ్మలకు రాగిరంగు లేతాకు వచ్చింది.

"మీ రాములు గారిని ఒకసారి వచ్చి చూసుకోమనండి," అంది స్వరూపరాణి. ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

బాలరాజ్ బండి తాళం తిప్పబోయి ఆగాడు. "పోయిండు మేడం. పదిహేను రోజులైతుంది. పొద్దున చాయ తాగి గోడకు ఒరిగిండట. మళ్ల లేవలే."

ఆమె కొత్త మొక్కల దగ్గరికి నడిచి, కంచెలో చెయ్యి దూర్చి ఒక మొదలు పట్టుకుని చూసింది.

"వీటికి మూడో ఏడు ఎప్పుడు?"

"వచ్చే వానకాలం మేడం."

లోపలికి వెళ్లి మెట్ల కింద నుంచి రంపం తీసి, దుమ్ము తుడిచి, ఆఫీసు గదిలో తాళాలు తగిలించే మేకుకు తగిలించింది. దాని పళ్లు నడిమధ్య బెత్తెడు మేర అరిగిపోయాయి, రెండు చివరలూ ఇంకా పదునుగానే ఉన్నాయి.