పొర తీయలేదు

మా చెల్లి పోయిన పూట నేను తొమ్మిదో తరగతికి సంధులు చెబుతున్నాను. ఆఫీసు గుమాస్తా తలుపు దాకా వచ్చి, లోపలికి రాకుండా, చేత్తో పిలిచాడు. ఆసుపత్రిలో డాక్టరు మెదడులో రక్తనాళం చిట్లిందని చెబుతున్నప్పుడు నా వేళ్లకు ఇంకా సుద్దపొడి ఉంది.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఇంట్లో అందరం పిట్ట అనే పిలిచేవాళ్లం. చూపులేని పిల్లల బడికి పాఠాలు చదివి, రికార్డు చేసి ఇవ్వడం ఆమె పని. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో పన్నెండు పాఠాలుంటే పదకొండు చదివింది. ఒక్కటీ పంపలేదు. పుస్తకం మొత్తం అయ్యాక ఒకేసారి ఇస్తానని చెప్పింది. అవన్నీ ఆమె గదిలోని కంప్యూటర్లో ఉన్నాయి.

పదిహేను రోజులయ్యాక ఆ బడి టీచరు ఫోన్ చేసింది.

"అడగడానికి నోరు రావడం లేదండీ. వచ్చే నెల పదహారున పిల్లలకు పరీక్ష. ఎంతవరకు అయితే అంతవరకు..."

"పంపిస్తాను" అన్నాను.

కంప్యూటర్ ఆరు నిమిషాలు నడిచి ఆగిపోయింది. రెండోసారి నాలుగు నిమిషాలు. మూడోసారి తెర వెలిగీ వెలగకముందే ఆరిపోయింది. పెట్టె మీద చెయ్యి వేస్తే జ్వరం వచ్చిన నుదురులా ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "దానికీ ఉండాలని లేదేమోనే" అంది.

మర్నాడు దాన్ని పాత దుప్పట్లో చుట్టి రిపేరు షాపుకు తీసుకెళ్లాను. మెకానిక్ నడివయసు మనిషి. చెవి వెనక స్క్రూడ్రైవర్ పెట్టుకుని మాట్లాడతాడు.

"డిస్కు ఊడదీసి వేరేదానికి తగిలిస్తే రాదా?" అని అడిగాను.

"మీ చెల్లిగారు వేరే మిషన్లో తెరుచుకోకుండా డిస్కుకి తాళం వేసుకున్నారు మేడం. తాళంచెవి ఈ బోర్డులోనే ఉంది. ఇదే నడవాలి, ఇంకో దారి లేదు." లోపలికి తొంగి చూశాడు. "ప్రాసెసర్ని చల్లబరిచే కూలర్ కొత్తదే. మంచి సరుకు. ఇంత మంచిది పెట్టుకుని ఇలా కాగిపోవడమేంటో!"

ప్రాసెసర్‌ ఎంత నున్నగా కనిపించినా పైన కంటికి ఆనని గుంటలుంటాయనీ, వాటిలో గాలి నిలిస్తే వేడి కూలర్‌కు ఎక్కదనీ, ఆ గుంటలు పూడ్చడానికే మధ్యలో పేస్టు పూస్తారనీ చెబుతూ నాలుగు స్క్రూలూ విప్పాడు. కూలర్‌ను ఎత్తి తిరగేశాడు. ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"చూడండి మేడం! రాగి పలక మీద ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. పొర తీయకుండానే పేస్టు మీద పెట్టి బిగించేశారు. దుప్పటి ముసుగేసుకుని ఉక్కపోస్తోందని ఏడ్చినట్టుంది. ఏ మహానుభావుడోగానీ ఆ చేతికి దండం పెట్టాలి."

పొర మీద ఎర్ర అక్షరాలున్నాయి. బిగించే ముందు తీసేయమని.

మా ఇంట్లో కొత్త వస్తువు మీది పొర తీయం. అది అమ్మ పెట్టిన నియమం. ఫ్రిజ్ పిడి మీద, గోడ గడియారం మీద, ఇస్త్రీపెట్టె మీద, పొర దానంతటది చిరిగి ఊడిపోవాలే తప్ప మేము ముట్టుకోం. రిమోట్ కవర్ మసకబారి అంకెలు కనిపించకపోతే పిట్ట జ్ఞాపకంతోనే నొక్కేది, అమ్మను ఆట పట్టించేది.

పోవడానికి పది రోజుల ముందు, పాత ఫ్యాన్ రొద రికార్డింగ్‌లోకి వస్తోందని ఆమె చప్పుడు లేని కూలర్ తెప్పించుకుంది. తనే బిగించింది. నేను టార్చి పట్టుకున్నాను.

"అక్కా, ఈ పొర తీయాలా?"

నాకు కళ్లజోడు లేదు. చదవలేదు. "ఉండనీవే, గీతలు పడతాయి" అన్నాను.

"చిత్తం టీచరుగారూ" అని అలాగే బిగించింది. మామూలుగా నేను ఒకటంటే తను రెండనేది. ఆ రోజు విన్నది.

"నేనే ఉంచమన్నాను" అని మెకానిక్‌తో చెప్పాను.

అతని నవ్వు ఆగింది. "పోనీలెండి మేడం, అందరూ చేసేదే."

"కాదు" అన్నాను.

అతను పొర ఒలిచి పారేసి, స్పిరిట్ సీసా, మెత్తటి గుడ్డ నా ముందుకు జరిపాడు. ఆమె పెట్టిన పేస్టు అంచుల్లో ఎండి బూడిదరంగు పొలుసులయింది. నేనే తుడిచాను. లోహం అద్దంలా తేలేదాకా తుడిచాను.

"ఇప్పుడు శనగగింజంత పెట్టండి. గోడకి సున్నం కొట్టినట్టు కొట్టొద్దు. బిగిస్తే అదే పరుచుకుంటుంది."

పెట్టాను. అతను కూలర్‌ను మూలకో స్క్రూ చొప్పున కొంచెం కొంచెంగా బిగించాడు. కంప్యూటర్ గంటసేపు ఆగకుండా నడిచింది. వేడి నలభై రెండు డిగ్రీలు దాటలేదు.

ఇంటికి తెచ్చి పాఠాలు తెరిచాను. మొదటి పదీ ఒక్కో ఫైలు. పదకొండో పాఠానికి ఏడున్నాయి. ఆరు మధ్యలో తెగిపోయాయి, ఒకటి నలభయ్యో నిమిషంలో, ఒకటి మూడో నిమిషంలో. నాలుగోదాని మొదట్లో ఆమె గొంతు, "పిల్లలూ, మిషన్‌కి జ్వరమొచ్చింది. మళ్లీ మొదటికొద్దాం" అంది. ఏడోది పూర్తిగా ఉంది. దాని తేదీ ఆమె పోవడానికి ముందు రోజు.

ఒక్క పాఠానికి ఆమెకు రెండు రోజులు పట్టేది. దీనికి తొమ్మిది రోజులు పట్టింది. మిగతా ఏడు రోజుల్లో పన్నెండోదీ అయిపోయేదన్న లెక్క నేను వేసుకున్నాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "కొత్తది కొని బిగించుకుంది కదే, ఎందుకు చెడింది?"

"పేస్టు ఎండిపోయిందమ్మా."

"పేస్టేంటే, దానికి పళ్లున్నాయా?" అంది. చెల్లి పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు మీద ఇంకేమీ చెప్పలేకపోయాను. పొర సంగతి చెబితే ఆ నియమం ఎవరిదో ఆమెకు గుర్తొస్తుంది.

పదకొండు పాఠాలూ పంపాను. టీచరు థాంక్స్ చెప్పి, పన్నెండోది ఎవరైనా చదవగలరా అని అడిగింది.

"నువ్వే చదవవే. ఫోన్లో మీ ఇద్దరి గొంతూ ఒకటేలా ఉండేది. నేనే పొరబడేదాన్ని" అంది అమ్మ.

మూడుసార్లు మైకు ముందు కూర్చున్నాను. కంప్యూటర్ చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంది. పాఠం పేరు చదివి ఆపేశాను.

పరీక్షకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. అమ్మకు నిజం చెప్పలేదు. పన్నెండో పాఠం చదవలేదు.