కిరీటం తీసి పెట్టిన దండం

రావణుడూ దుర్యోధనుడూ శామీర్‌పేటలో కలుసుకుంటారట. కలుసుకుని ప్లాట్లు కొంటారట. ఈ మహత్తరమైన కామెడీ సినిమా డైరెక్టర్ మహేందర్ బుర్రలో పుట్టింది. డబ్బు పెట్టింది ప్లాట్లమ్మే వెంచర్ల ఎంకయ్య, కాబట్టి ఇంకే కథ పుట్టినా పురిట్లోనే సంధి కొట్టేది. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడు నూటయాభై గజాల కోసం బేరమాడితే జనం పడీపడీ నవ్వుతారని మహేందర్ నమ్మకం.

రావణుడు మా బాపు, సత్తయ్య. తూంకుంట చిరుతల రామాయణంలో ఆయన వేషం కడితే పిల్లలు జడుసుకునేవాళ్లు. ఆడే జాగాలో కాలనీ లేచాక మేళం ఆగిపోయింది, కిరీటం అటకెక్కింది. దాన్ని మళ్లీ ఒక్కసారి పెట్టుకోవాలని ఆయనకు ప్రాణం కొట్టుకులాడేది. అందుకే సినిమా అనగానే కథేంటని కూడా అడగకుండా ఒప్పుకున్నాడు. దుర్యోధనుడేమో మేడ్చల్ భాగోతం లింగస్వామి. రావణ వేషమంటే ఉత్త అరుపులేనని ఊరూరా చెప్పుకు తిరిగే మనిషి. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఆఖరి షాటు దాకా షూటింగ్ బాగానే సాగింది.

"ఇగ ప్లాటిచ్చినందుకు రావణుడు ఎంకయ్య సారు కాళ్లకు మొక్కుతడు. దుర్యోధనుడు సప్పట్లు కొడ్తడు. గంతే," అన్నాడు మహేందర్.

మా మేళంలో ఒక కట్టుబాటుంది. రావణుడి కిరీటం తలమీదుండగా శివుడికి తప్ప ఎవరికీ మొక్కరాదు. వేషంలో ఉన్నప్పుడు సొంత మేనమామ ఎదురైనా బాపు తల వంచలేదు. ఆ మాటే చెబితే మహేందర్ వాచీ చూసుకున్నాడు. ఎంకయ్య మాత్రం చెప్పులు విడిచి, పాదాలు కెమెరాకు బాగా కనపడేట్టు సర్దుకున్నాడు. ఆయన సహకారం అంతా ఇంతా కాదు.

"మొక్కకుంటే నువ్వు జేసినయన్నీ తీసేస్త. వేరేటోణ్ణి పిలుస్త," అన్నాడు మహేందర్.

బాపుకు తోడొచ్చిన నేను, ఇంటికి పోదాం రమ్మన్నాను. బాపు కదల్లేదు. కిరీటం తీసి, కళ్లకద్దుకుని, పక్కనున్న లింగస్వామి చేతిలో పెట్టాడు.

"మొక్కేది సత్తయ్య. రావణుడు గాదు," అని ఉత్త తలతో వంగాడు.

లింగస్వామి కిరీటాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు.

మహేందర్ ఎంతో ఉదారంగా దానికి ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో సినిమా యూట్యూబ్‌లోకి వచ్చాక తెలిసింది. వాడకట్టంతా మా ఇంట్లో చేరి టీవీలో చూసింది, లింగస్వామి కూడా వచ్చాడు. ఆఖరి షాటులో ఆయన్ను పూర్తిగా తీసేశారు. బాపు తలమీద గ్రాఫిక్స్ కిరీటం, అటూ ఇటూ మరో తొమ్మిది తలలు. పదికి పదీ ఎంకయ్య కాళ్లమీదే. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బాపు గోడకానుకుని నేల చూస్తున్నాడు. ఆయన్నట్లా చూడలేకపోయాను.

లింగస్వామి లేచాడు. "గదంత అబద్ధం. కిరీటం నా చేతుల ఉండె."

"నీ చేతుల ఉంటే తలమీదికెట్లొచ్చింది తాతా?" అన్నారెవరో. మళ్లీ నవ్వులు. ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

బాపు ఆయన చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఊకో లింగస్వామీ. నువ్వు జూసినవ్ గద, సాలు."