పళ్ళెంలో మదర్‌బోర్డు

హైమ పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తుండగా సావిట్లోంచి మొగుడి గొంతు వినిపించింది.

"హైమా, ఆ కాగితం పంపు. కంప్యూటరాయన వచ్చాడు."

చింతపండుతో రెండుసార్లు రుద్దుకున్నా చేతుల నీచు పోలేదు. కొంగుకి తుడుచుకుని, బియ్యం డబ్బా కింద దాచిన కాగితం తీసింది. అది రాయడానికి రెండు నెలలు పట్టింది. తణుకు నుంచి తమ్ముడు పంపిన పాత కంప్యూటరు పత్రికలు ముందేసుకుని, వండుతూ, వడ్డిస్తూ, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. ప్రాసెసరు ఏది, దానికి సరిపడే మదర్‌బోర్డు ఏది, హార్డ్‌డిస్కు ఎంత, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ ఏది. మానిటరు పదిహేను అంగుళాలు చాలనుకుంది. అక్కడ తగ్గించి ర్యామ్ రెండువందల యాభై ఆరు ఎంబీ పెట్టింది. తాను నేర్చుకోవాల్సిన ప్రోగ్రాములు అంతకు తక్కువైతే కదలవని చదివింది.

ఆమెది దూరవిద్యలో కంప్యూటరు డిగ్రీ. రాత పరీక్షలన్నీ కారులో అత్తగారి పక్కన కూర్చుని వెళ్ళి రాసొచ్చింది. ఇక మిగిలింది ప్రాక్టికల్స్. మే నెలలో. వాటికోసం భీమవరం సెంటరుకి వారానికి రెండ్రోజులు వెళ్ళొస్తానని అడిగితే మొగుడు గోపాలకృష్ణంరాజు కసురుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కసురుకోరు. అండీలతో, గారులతో మెత్తగా పీక నొక్కుతారు. "మనింటి ఆడవాళ్ళు సెంటర్ల చుట్టూ తిరగడమేంటి హైమా, బాగుంటుందా? నువ్వెళ్ళడం ఎందుకు, కంప్యూటరే నీ దగ్గరికొస్తుంది" అన్నాడు. ఆ మాట నమ్మి ఆమె సెంటరు మానుకుంది.

ఆ ఇంటికి అన్నీ అలాగే వస్తాయి. చీరలాయన సావిట్లో మూట విప్పుతాడు. చీరలు తెర దాటి లోపలికి వెళ్తాయి, నచ్చనివి బయటికొస్తాయి. కంసాలి తెచ్చే గాజులూ అంతే. ఊళ్ళో మిగతా రాజుల ఇళ్ళలో ఘోషా ఏనాడో పోయింది. ఈ ఇంట్లో మాత్రం అత్తగారు రత్నమాణిక్యం గారు బతికుండగా ఆ తెర తొలగదు. కంప్యూటరైతే ఎవరైనా షాపులో బిగించిందే తెచ్చుకుంటారు. గోపాలరాజు మాత్రం దేనికది విడిగా పట్రమ్మన్నాడు, చూసి ఏరుకోవడానికి.

షాపు నుంచి వచ్చిన మెకానిక్ పేరు యెహెజ్కేలు. అతను అట్టపెట్టె విప్పాడో లేదో, రాజుగారు మదర్‌బోర్డుని వెండి పళ్ళెంలో పెట్టించి, తాంబూలం పంపినట్టు తెర లోపలికి పంపేశారు.

"అయ్యగారండీ, ఉత్త చేత్తో ముట్టుకోకూడదండి! పాడైపోద్దండి!" యెహెజ్కేలు లేచి నిలబడ్డాడు.

లోపల అత్తగారు అప్పటికే కుంకుమ భరిణె తెరిచింది. "కొత్త వస్తువుకి బొట్టు పెట్టొద్దూ?"

"దీనికొద్దు అత్తయ్యగారూ" అని హైమ పళ్ళెం లాక్కున్నంత పని చేసింది. పత్రికలో చదివినట్టే, ఒంట్లో ఉండే కాస్త కరెంటూ పోవడానికి ముందు కిటికీ ఇనపచువ్వ ముట్టుకుంది. తర్వాత బోర్డుని అంచులు పట్టుకుని ఎత్తింది. ఇన్నాళ్ళూ బొమ్మలో చూసినదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తెర సందులోంచి యెహెజ్కేలు ఆ వేళ్ళు చూశాడు. కాగితం ఎవరు రాశారో అతనికి తెలిసిపోయింది.

అక్కణ్ణించి అతను రాజుగారిని వదిలేసి తెరతోనే మాట్లాడాడు. "అమ్మగారండీ, మీరు రాసిన బోర్డు ఇదేనండి. ర్యామ్ కూడా మీరు రాసిందే కరెక్టండి. తక్కువేస్తే ఈడుస్తుందండి."

గోపాలరాజు నవ్వాడు. "ఏవయ్యా, కొనే మనిషిని నేనిక్కడుంటే గుడ్డతో మాట్లాడతావేంటి? మానిటరు పదిహేడు పెట్టు. ర్యామ్ నూట ఇరవై ఎనిమిది చాలు."

"ఏవండీ, అదొక్కటీ తగ్గించకండి" అంది హైమ.

"లోపలుండేది ఎవడికి కనబడుద్ది హైమా? వచ్చినవాడు చూసేది మానిటరే."

ఆ మాట నిజమే. పదకొండేళ్ళుగా లోపలే ఉన్న మనిషికి అది ఇంకొకరు చెప్పనక్కర్లేదు. రొయ్యల చెరువుల మీదికి తెల్లారేసరికి వెళ్ళే క్యారేజీలు ఎవరు సర్దుతున్నారో ఎవడికి కనబడింది? పెళ్ళైన కొత్తలో మేత కంపెనీకి ఇంగ్లీషు ఉత్తరం ఆమె రాస్తే ఆయన సంతకం చేశాడు. 'రాజుగారి ఇంగ్లీషు భలే ఉందండీ' అన్నాడట మేనేజరు. ఆయన ఇంటికొచ్చి ఆ మెప్పు ఆమెకే సంబరంగా చెప్పాడు. ఆమె కూడా సంబరపడింది. ఆయన పొంగిపోవడం కన్నా తాను పొంగిపోవడమే ఇప్పుడామెకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

"ఎక్కడ బిగించమంటారండి?" అన్నాడు యెహెజ్కేలు.

"ఇక్కడే. గుమ్మానికెదురుగా."

పడగ్గదిలో కిటికీ పక్క బల్ల ఆమె పొద్దున్నే తుడిచి ఉంచింది. దగ్గరికొస్తుందంటే సావిడి దాకానని ఆమెకు తట్టలేదు. పని ముగించి వెళ్ళేటప్పుడు యెహెజ్కేలు ఆ కాగితాన్ని మడిచి పళ్ళెంలో లోపలికి పంపాడు.

మగవాళ్ళు చెరువుల మీదున్నప్పుడు మధ్యాహ్నం గంటసేపు కంప్యూటరు ముందు కూర్చుంటానని అత్తగారిని అడిగింది. "గుమ్మంలోకి ఎవరైనా వస్తే? కోడలు సావిట్లో కూర్చోవడం నా కళ్ళతో చూడమంటావా అమ్మా?" అందావిడ, ఎంతో ప్రేమగా. మొగుణ్ణి అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. చూస్తుండగానే మే నెల వెళ్ళిపోయింది. ప్రాక్టికల్స్ హాల్‌టికెట్టు బియ్యం డబ్బా కిందే ఉండిపోయింది. గోపాలరాజు ఆ మెషీను మీద మనుషులక్కర్లేకుండా పేకాడుకోవడం నేర్చుకున్నాడు. దానికి నూట ఇరవై ఎనిమిది బాగానే సరిపోయింది.

జూన్‌లో మొగల్తూరు నుంచి మరిది వరస పెదబాబు వచ్చాడు.

"అన్నయ్యగారూ, ఒక్కో పార్టూ మీరే ఏరి కట్టించారంట కదా! మా వైపు అంతా ఇదే చెప్పుకుంటున్నారు. నాకూ ఓ లిస్టు రాసిపెట్టండి."

"దానికేం భాగ్యం!" గోపాలరాజు తెరకేసి తల తిప్పనైనా లేదు. "హైమా, ఆ కాగితం ఇంకోటి రాసి పంపు. కొత్తవేమొచ్చాయో కూడా చూడు."

హైమ వంటింటి గుమ్మంలో రొయ్యలు ఒలుస్తోంది. పాత కాగితం చూసి రాస్తే అయిదు నిమిషాల పని. లేచి వెళ్ళి ఆ కాగితం తెచ్చింది. కింద పరిచి, పొట్టూ తలకాయలూ దాని మీదికి తోసింది.

"నాకేం తెలుసండీ? ఆడదాన్ని" అంది, సావిట్లోకి బాగా వినబడేలా.

మౌసు టిక్కుటిక్కు ఆగిపోయింది. పెదబాబు నవ్వబోయి, అన్నగారి మొహం చూసి మానుకున్నాడు.

"హైమా, వేళాకోళాలొద్దు" అన్నాడు గోపాలరాజు, మెత్తగానే.

ఆమె పొట్టుని కాగితంలో గట్టిగా చుట్టి, పెరటి గోడ అవతలికి విసిరేసింది. తనకేం తెలియదన్న మాట ఆ పూటకి అబద్ధం. ఈ తెర వెనకే ఇంకో రెండేళ్ళు గడిస్తే నిజమైపోతుంది. అది తెలిసే అంది.