పసుపు తీగ, తెల్ల తీగ

వుకోమాన్ ఏ పాత కారు కొన్నా ముందు దాని వెనక్కి వెళ్లి చూసేవాడు. ఫిచాలాంటి బుల్లి కారుకి ఇంజను వెనకే ఉంటుంది కాబట్టి అందులో వింత లేదు. మనుషుల్నీ అతను అలాగే చూసేవాడు. మాట ముందుంటుంది, దాన్ని నడిపించే అవసరం వెనక ఎక్కడో ఉంటుంది. ఆ అవసరమేమిటో తెలిస్తే బేరం సగం కుదిరినట్టేనని అతని నమ్మకం. వాల్యెవో ఊళ్లో పాత కార్లు కొని, బాగుచేయించి, అమ్ముకుంటూ తల నెరిసేదాకా బతికాడంటే ఆ నమ్మకం మరీ వట్టిది కాదు.

ఆ శుక్రవారం మాత్రం నోట్లో ఉన్న మాట బయటికి రావడం లేదు. ఆ మాట వినాల్సిన మనిషి తియోసావ్, షెడ్డులో ఉన్న పాలరంగు ఫిచాలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల స్టీరింగ్ కింద, కాళ్లు తలుపు బయట. వైపర్ మోటారుకీ స్విచ్‌కీ తీగలు కలుపుతున్నాడు. మర్నాడు ఆ కారులో వెల్కో అనే కుర్రాడు పెళ్లికూతుర్ని తెచ్చుకోబోతున్నాడు. బయట మబ్బు పట్టి ఉంది.

తియోసావ్ అతనికి కూమ్. అంటే పెళ్లినాడు పక్కన సాక్షిగా నిలబడ్డవాడు, ఆనక కూతురికి జ్ఞానస్నానం చేయించినవాడు. అన్నదమ్ములతో పొలం దగ్గర తగువులాడి మాటలు మానేసినవాళ్లు ఆ ఊళ్లో వీధికొకరున్నారు. వాళ్లనెవరూ ఏమీ అనరు. కూమ్‌తో తెంచుకున్నవాణ్ణి మాత్రం గడప తొక్కనివ్వరు.

అటువంటి కూమ్ వైరింగ్ చేసిన కార్లు ఈమధ్య వెనక్కి వస్తున్నాయి. ఒకదానికి హారన్ నొక్కితే లైట్లు వెలుగుతున్నాయట. ఇంకొకదానికి ఎడమ పక్క ఇండికేటర్ వేస్తే కుడిది కొట్టుకుంటోందట. తియోసావ్ కళ్లు మసకబారాయని వుకోమాన్‌కి అర్థమైంది. కాఫీ కప్పు కోసం చెయ్యి చాచినప్పుడు ముందు బల్లని తడుముతున్నాడు. అందుకే పక్క ఊరు లైకోవాట్స్‌లో ఒక కుర్ర ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, వచ్చే వారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఇక తియోసావ్‌తో చెప్పడమే మిగిలింది. పని తీసేస్తే కూమ్ పోతాడు, ఉంచితే పేరు పోతుంది. ఎటు తూచినా ముల్లు నష్టం వైపే మొగ్గుతోంది.

"లైటు ఇంకాస్త దగ్గరికి పట్టు కూమా," అన్నాడు తియోసావ్ లోపల్నుంచి. "ఏమిటలా ఊపిరి బిగబట్టావ్? కారుకి పురుడు పోస్తున్నానా?"

"పొయ్యవయ్యా, పొయ్యి. ఇంతసేపు పట్టిందంటే కవలలేమో అని చూస్తున్నా."

"అయిపోయింది. తాళం తిప్పు. స్విచ్ ముట్టుకోకు, నేను చెప్పినప్పుడు వేద్దువుగాని."

వుకోమాన్ చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాడు. స్విచ్ ముట్టుకోలేదు. వైపర్లు వాటంతట అవే లేచి, గాజు మీద నీరసంగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. స్విచ్ వేశాడు, ఊగుతున్నాయి. ఆపాడు, అప్పుడూ ఊగుతున్నాయి. చివరికి తాళం తీసేస్తే గాజుకి సరిగ్గా నడిమధ్యన, సెల్యూట్ కొడుతున్న సిపాయి చేతుల్లా నిలబడిపోయాయి.



చెప్పాల్సిన మాటకి ఇంతకన్నా మంచి అదను దొరకదని వుకోమాన్‌కి తెలుసు. సరుకులో లోపం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు ధర తగ్గించమని అడగడం ఎంత తేలిక! కానీ తలుపు బయటున్న ఆ కాళ్లకేసి చూశాడు. ఒక మేజోడు నలుపు, ఇంకొకటి నీలం. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రంగు వల్లే కూమా ఇదంతా. కొత్తగా వేసిన రంగు దళసరిగా ఉంది కదా, మోటారుకి బాడీ నుంచి ఎర్త్ అందడం లేదు. నీ తప్పేం లేదు."

తియోసావ్ మెల్లగా బయటికి జరిగి, కూర్చుని, మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఎర్త్ అందకపోతే మోటారు తిరగదు. ఇది తిరగడం మానడం లేదు. రంగు అడ్డం పడితే పని ఆగుతుందిరా, పని ఆగకుండా పోతుందా? ఇన్నేళ్లుగా కొనేవాళ్లతో అబద్ధాలాడావు, నాతో ఎప్పుడూ ఆడలేదు. మొదలెట్టేవాడివి ఇంత నాసిరకం సరుకుతో మొదలెడతావా?"

వుకోమాన్ చేతిలో ఉన్న లైటు ఆర్పాడు.

"నిన్ను ఏ రంగు తీగలు తెమ్మన్నాను?" అని అడిగాడు తియోసావ్.

"పసుపు, తెలుపు."

"ఏం తెచ్చావ్?"

"నీలం, నలుపు. ఎవడో కొట్టు ఎత్తేస్తున్నాడు, మిగిలిన చుట్టలు దాదాపు ఊరికే ఇచ్చాడు. లోపలి రాగి ఒకటే కదా, పైతొడుగు ఏ రంగైతే ఏం?"

"పసుపు ఎందుకన్నాడు, తెలుపు ఎందుకన్నాడు అని ఒక్కసారైనా అనుకున్నావా?"

అనుకోలేదు. చవగ్గా వచ్చిందన్న సంతోషం తప్ప ఆ రోజు ఇంకేమీ గుర్తులేదు. ప్రతివాడి మాట వెనక్కీ తిరిగి చూసేవాడు, సొంత కూమ్ అడిగిన రెండు రంగుల వెనక ఏముందో చూడలేదు. కనిపించేవి అవే కాబట్టి అవే అడిగాడు. తన కళ్ల సంగతి నోటితో చెప్పలేక, కావాల్సిన సామాను పేరుతో చెప్పాడు. వుకోమాన్ ఆ మాటని చుట్టల బరువుతో తూచి, లాభమనుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

"నీలం పోయి చాలా కాలమైందిరా," అన్నాడు తియోసావ్ పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "మా ఆవిడ స్తమెనా ముచ్చటపడి నీలం డ్రెస్సు కొనుక్కుంటే, నల్లబట్టలెందుకే, ఎవరు పోయారే అని అడిగాను. రాత్రి అన్నం పెట్టలేదు."

"నాతో చెప్పచ్చు కదా."

"నీకు చెబితే లెక్క వేస్తావ్. నీ లెక్క తప్పదు. అదే నా భయం." గుడ్డ పక్కన పడేసి అన్నాడు, "వేశావు కూడా. లైకోవాట్స్ కుర్రాడి మేనమామ సంతలో కనిపించి భుజం తట్టాడు. ఇక హాయిగా చేపలు పట్టుకోవచ్చన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క చేపని పట్టలేదు."

వుకోమాన్‌కి చెవులు వేడెక్కాయి. తను చెప్పలేక చస్తున్న మాట అవతలివాడికి ముందే తెలుసు. తెలిసీ పొద్దున్నే వచ్చి, సంచీ దించి, కారులో దూరాడు. ఎందుకు? గాలం పట్టుకుని ఏటి ఒడ్డున కూర్చోవడం చేతకాక. అంతే అయ్యుంటుంది. ఇక తను? పేరు పోతుందని భయపడ్డాడు. పేరంటే కార్లు అమ్ముడుపోవడమేనా? కూమ్‌ని సాగనంపాక ఆ పేరుతో ఎవరిని పలకరించాలి?

"లే," అన్నాడు వుకోమాన్. "కాఫీ పెట్టుకుని తాగుతూ ఉండు. ఇప్పుడే వస్తా."

చినుకుల్లో తడుస్తూ బజారు చివరనున్న కొట్టుకి వెళ్లాడు. పసుపు చుట్ట ఒకటి, తెల్ల చుట్ట ఒకటి అడిగి, చెప్పిన ధరకే తీసుకున్నాడు. కొట్టువాడు కళ్లద్దాల మీదుగా చూసి, "ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

"వానలో బేరమాడితే గొంతు పట్టేస్తుందంటాడు మా కూమ్," అన్నాడు వుకోమాన్.

తిరిగి వచ్చేసరికి తియోసావ్ నీలం, నలుపు తీగలు రెండూ ఊడదీసి, చక్కగా చుట్టి బల్లమీద పెట్టాడు. కొత్త తీగలు చేతికి రాగానే కిటికీ వైపు ఎత్తి చూసుకున్నాడు. మొహం విచ్చుకుంది.

"ఇదిగో, పసుపు. ఇది తాళం దగ్గర్నుంచి తిన్నగా మోటారుకి వెళ్లాలి. తెల్లది స్విచ్ నుంచి. స్విచ్ ఆపేసినా వైపర్లు దారి మధ్యలో నిలబడిపోకుండా, కింది అంచుకి చేరేదాకా కరెంటు అందించేది పసుపే. చేరాయంటే మోటారులో ఉన్న పలక తనే ఆ కరెంటుని తెంపేస్తుంది. నేను తారుమారు చేశాను, అందుకే తాళం తిప్పగానే లేచి ఊరేగాయి. ఏదీ, ఆ బిగింపు మరల కింద రంగు గోకు."

"రంగు వల్ల కాదన్నావుగా?"

"నీరసంగా తిరిగింది, చూశావా? అది రంగు వల్లే. నీ అబద్ధంలోనూ కాస్త సరుకుంది."

వుకోమాన్ ఇనుము మెరిసేదాకా గోకాడు. తియోసావ్ కొసలు బిగిస్తూ, ఒక్కో చోటా ఆగి, "ఇక్కడేముంది?" అని అడిగాడు. "పసుపు," "తెలుపు," అని వుకోమాన్ బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. చేతులు అతనివి, కళ్లు ఇతనివి. ఇలా కలిసి చేస్తే పని రెట్టింపు సేపు పడుతోంది. గిట్టుబాటు లెక్కన ఇది శుద్ధ దండగ.

"కళ్లకి ఆపరేషన్ చేయించుకో," అన్నాడు మధ్యలో.

"మా బావమరిది చేయించుకున్నాడు. పెళ్లాం మొహంలో ముడతలన్నీ కనిపిస్తున్నాయని ఏడుస్తున్నాడు."

"నా ముడతలు నువ్వు చూసినా నాకేం బాధ లేదు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా. అందాకా ఈ షెడ్డులోకి పసుపూ తెలుపూ తప్ప ఇంకో తీగ రాదు. చేసిన ప్రతి కారునీ నేను చదివి వినిపిస్తా. వెళ్లనన్నావో, అప్పుడు నిజంగానే గాలం కొనిస్తా."

తియోసావ్ చాలాసేపు మర బిగిస్తూ ఉండిపోయాడు. బిగిసిన మరనే మళ్లీ బిగించాడు.

"సరే," అన్నాడు. "బేరమాడను. వానగా ఉంది."

ఆ సాయంత్రం వుకోమాన్ లైకోవాట్స్‌కి ఫోన్ చేసి, రమ్మన్న మాట వెనక్కి తీసుకున్నాడు. అవతల కుర్రాడు నొచ్చుకున్నాడు. నొచ్చుకోడా మరి! అన్న మాట మింగడం వుకోమాన్‌కి అలవాటు లేదు, నోరంతా చేదైంది. దాన్ని కడగడానికి చిన్న గ్లాసుడు రకియా పోసుకున్నాడు. కొట్లో కొన్న పండ్ల సారాయి కాదు, ఇంట్లో కాచిన ఆల్‌బుఖారా పండ్లది. రెండో గ్లాసు తియోసావ్‌కి పోశాడు.

పొద్దున పెళ్లివారు అకార్డియన్ వాయించుకుంటూ షెడ్డు ముందు దిగారు. వెల్కో మేనత్త కోసారా వస్తూనే, చేతికుట్టు వేసిన పొడుగాటి తెల్ల తువ్వాలు తీసి, వైపర్ కాడకి ముడివేసింది. తియోసావ్ కాఫీ కప్పు దించి గబగబా నడిచి వెళ్లాడు.

"ఎవరమ్మా అక్కడ తువ్వాలు కట్టింది?"

"పెళ్లి కారుకి తువ్వాలు కట్టరా పెద్దాయనా? అందరూ అక్కడే కడతారు."

"కడతారు, వాన రాగానే పెళ్లికొడుకు స్విచ్ వేస్తాడు. మోటారు రమ్మంటుంది, తువ్వాలు రానివ్వదు. ఇద్దరి మధ్యా తీగ కాలుతుంది. చర్చి గుమ్మంలో పొగలు కక్కిన పెళ్లిళ్లు నాకు తెలుసు."

"పెళ్లయ్యాక ఎలాగూ పొగే కదా," అంది కోసారా. అందరూ నవ్వారు. తియోసావ్ కూడా నవ్వుతూనే, తడుముకోకుండా ముడి విప్పి, పక్క అద్దానికి కట్టాడు. తెలుపు అతనికి బాగానే కనిపిస్తోంది.

కారు గేటు దాటకముందే జల్లు మొదలైంది. వెల్కో వైపర్లు వేశాడు, అవి చురుగ్గా ఊగాయి. వీధి మలుపు దగ్గర జల్లు తగ్గింది, ఆపేశాడు.

తియోసావ్ ఆ పాలరంగు మచ్చ వెళ్లిన వైపే చెవి పెట్టి నిలబడ్డాడు. "కిందికి దిగాయా కూమా?"

వుకోమాన్ కళ్లు చిట్లించి చూశాడు. మధ్యలో నిలబడి ఉంటే ఏం చెప్పాలో అప్పటికే ఒక మాట సిద్ధం చేసుకుని ఉన్నాడు. దాంతో పనిపడలేదు.

"దిగాయి," అన్నాడు. "అంచుకి ఆనుకుని పడుకున్నాయి."